కుప్పం అడవిలో నా కొండముచ్చు ఉద్యోగం

ఆ రోజు నేను ఒక కుక్కకు పులి వేషం వేశాను. చెట్టు చివర ఉన్న కొండముచ్చులు కిందికి తొంగిచూస్తే ఫోటో తీసుకుందామని వేశాను. ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టే అడగలేదు. ఇప్పుడు ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఇది రాస్తూ 'పొరపాటున' అనే మాట రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొట్టేశాను.

ముందు నా సంగతి చెప్పాలి. మాది కావలి. బజారు వీధిలో నాకొక ఫోటో స్టూడియో ఉంది. మా వైపు పుట్టిన బిడ్డల్లో చాలామంది మెడ నిలిచిన నెలలోనే నా దగ్గరికి వచ్చి, ఒక మచ్చల మఖ్మలు గుడ్డ మీద బోర్లా పడుకుని, తల ఎత్తి ఏడ్చి వెళ్లినవాళ్లే. ఆ గుడ్డ అచ్చం చిరుతపులి చర్మంలా ఉంటుంది. మద్రాసులో ముచ్చటపడి కొన్నాను. దాని మీద ఎంతమంది తడిపినా రంగు దిగలేదు.

మా ఊళ్లోనే ఇంకో స్టూడియో నడిపే సుబ్బరామయ్య ఒక పెళ్లిలో నలుగురి ముందూ, "ఈయన కదలనివాటినే తీస్తాడు. బిడ్డకు పాకడం వస్తే ఇక నా దగ్గరికే రావాలి" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "అడవిలో చెట్టు కొసన గెంతే కొండముచ్చును తీసుకొస్తాను చూడు" అన్నాను. ఎనభైల మొదట్లో, చలికాలంలో, ఆ రోషంతోనే బయల్దేరాను. రెండు ఫిల్ము రీళ్లు, పెట్టె కెమెరా, దానికి దెబ్బ తగలకుండా చుట్టిన ఆ మఖ్మలు గుడ్డ, ఇవీ నా సామాను.

మదనపల్లె

మా కావలిలో జనవరిలో కూడా మధ్యాహ్నం ఫ్యాను వేసుకుంటాం. మదనపల్లె లాడ్జిలో గదికి ఎనిమిది రూపాయలు కట్టి పైకి చూస్తే ఫ్యానే లేదు. అడిగాను. యజమాని నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఫ్యానా? యాలప్పా, ఒళ్లు బాగలేదా?" అని ఒక రగ్గు తెచ్చి ఇచ్చాడు. తెల్లవారేసరికి ఆ రగ్గు మీద ఇంకో రగ్గు అడిగి కప్పుకున్నాను.

బస్టాండు ఎదుట ఒకామె ఆకులో రాగిసంగటి ముద్ద, మధ్యలో గుంట చేసి పచ్చిపులుసు, పక్కన సెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, వడ్డించింది. రూపాయిన్నర. నేను అన్నం తిన్నట్టే నములుతూ కూర్చున్నాను. పది నిమిషాలైనా మొదటి ముద్ద నోట్లోనే తిరుగుతోంది.

"నమలగూడదప్పా, మింగల్ల," అందామె. "నీ మాదిరి నమిల్తే పొద్దు గుంకుతాది."

బస్టాండు రేకుల మీద ఊరి కోతులు ఉన్నాయి. కొండముచ్చుల ముందు సాధనగా ఉంటుందని వాటిని తీయబోతే, ఒక కోతి దిగివచ్చి నా కెమెరా మూత ఎత్తుకుపోయింది. పక్కనే సెనిక్కాయలమ్మే ముసలమ్మ తలెత్తకుండానే, "కాయలు కొనుక్కోప్పా. ఇచ్చేస్తాది" అంది. ఒక పొట్లం కొని చూపించాను. కోతి మూత వదిలి పొట్లం తీసుకుంది.

"ఇది నీ కోతేనా అవ్వా?"

"నాదేందప్పా? ఆంజనేయసామిది."

"రోజుకు ఎంతమంది ఇట్లా కొంటారు?"

"బస్సులను బట్టి," అంది ముసలమ్మ.

కోతిని ఆశపెట్టి పని చేయించుకోవచ్చునని ఆ రోజు నాకు తట్టింది. ఆశపడి మోసపోయినవాణ్ని నేనేనని తట్టలేదు.

పుంగనూరు

పుంగనూరు ఆవు నా నడుము దాకా కూడా లేదు. మా వైపు ఒంగోలు గిత్తను చూసిన కళ్లకు అది దూడలా కనిపించింది. రామసముద్రం వైపు నుంచి ఆవును తోలుకొచ్చిన నారాయణప్ప అనే రైతు సంతలో నా మెడలో కెమెరా చూసి పట్టుకున్నాడు.

"మా ఆవును తీయప్పా. లక్షణంగా రావల్ల. వెనకాల ఏదన్నా మంచి గుడ్డ కట్టు."

నా దగ్గర ఉన్న గుడ్డ ఒకటే. ఇద్దరిని పిలిచి దాన్ని ఆవు వెనక పట్టుకోమన్నాను. ఆవు మెడ తిప్పి చూసింది. అంతే. గూటం పెరుక్కుని, బొరుగుల బస్తాల మధ్య నుంచి దూసుకుపోయింది. సంతంతా తెల్లటి బొరుగులు. అందరూ నవ్వారు, బొరుగులవాడు తప్ప.

వాడి దగ్గర ఒలికిపోయిన బొరుగులన్నీ నేనే కొని, కుప్పం చేరేదాకా అవే తిన్నాను. ఆవును పట్టి తెచ్చిన నారాయణప్ప మాత్రం కోపపడలేదు. ఆశ్చర్యపడ్డాడు.

"దీనికి సిరతంటే యాడ తెలుసప్పా? పుట్టినకాడ్నించీ మా కొట్టంలోనే ఉండాది. అయినా సూడు, ఎట్లా పసిగట్టిందో!"

ఆ మాట నా చెవిలో పడి ఊరుకోలేదు. ఎన్నడూ చూడని ఆవే ఇలా చేస్తే, రోజూ చిరుతను చూసే కొండముచ్చులు ఏం చేస్తాయి? గుడ్డను మడిచి సంచిలో పెట్టుకున్నాను. కెమెరాకు మాత్రం అప్పటినుంచి తువ్వాలు చుట్టాను.

కుప్పం

కుప్పంలో టీ కొట్టాయన "వాంగ సార్, కూసోండి, టీ బేకా?" అన్నాడు. అరవం, తెలుగు, కన్నడం ఒకే గుక్కలో వచ్చాయి. మేం ఒక్క భాషలో మొహమాటపడి చెప్పలేని మాటలు వీళ్లు మూడింటిలో నవ్వుతూ చెప్పేస్తారు. నేను కొండముచ్చుల మాటెత్తగానే ఆయన అడవి అంచున ఉన్న ఒక ఊరిపేరు చెప్పి, "ఆడ మునెమ్మని ఉండాది. మ్యాకలు మేపుతాది. ఆయమ్మ రమ్మంటేనే లోపలికి పో" అన్నాడు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. నన్ను గుర్తుపెట్టుకున్నవాళ్లు అక్కడ ఇంకా ఉంటారు.

మునెమ్మకు యాభై ఏళ్లుంటాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, కొమ్మలు లాగే దోటి భుజాన వేసుకుని ఎదురొచ్చింది. వెనక ముప్పై ఒక్క మేకలు, వాటి వెనక బూడిదరంగు కుక్క. కుక్క పేరు దొర.

"కొండముచ్చులను ఫోటో తీయాలక్కా," అన్నాను.

"యాల? వాటికేమన్నా పెండ్లి సంబంధం సూస్తాండావా?"

ఆమె మొగుడు వెంకటప్ప ఎదుటి కొండవాలున గొర్రెలు మేపుతాడు. తక్కువ మాట్లాడతాడు. ఆ ఇంటి వసారాలో నాకు ఒక మంచం వేశారు. అలసందల పులుసు, సంగటి పెట్టారు. ఈసారి మింగాను.

మద్దిచెట్టు కింద

వంక పక్కన మద్దిచెట్లు ఆకాశానికి నిచ్చెన వేసినట్టున్నాయి. వాటి కొసన కొండముచ్చుల మంద. నల్లటి ముఖాలు, చుట్టూ తెల్లటి జూలు, గంట తాడులా వేలాడే తోకలు. కానీ నా కెమెరాలో అవి మిరియపు గింజలంత ఉన్నాయి. పైగా నాది పైనుంచి తొంగిచూసే పెట్టె కెమెరా. అద్దంలో కుడి ఎడమవుతుంది. కొండముచ్చు అటు దూకితే నేను ఇటు తిరిగేవాణ్ని. రెండు రోజుల్లో మొదటి రీలు అయిపోయింది, అందులో ఆకులే ఎక్కువ. రెండో రోజు ఒక మగ కొండముచ్చు సరిగ్గా నా అద్దం మీదికి గురిచూసి తడిపింది.

"పైన అవి కూసోనుంటే కింద నోరు తెరుసుకోని నిలబడితే ఇంకేం పడతాదప్పా?" అంది మునెమ్మ.

అవి లేత చిగుళ్లు సగం తిని సగం కింద పడేస్తాయి. మేకలు వాటి కిందే తిరుగుతూ ఆ రాలినవి తింటాయి. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. చిరుత కనిపిస్తే కొండముచ్చు "ఖక్ ఖక్" మని దగ్గినట్టు కూస్తుంది. కూత వినగానే ఏ వాలున ఉన్నవాళ్లయినా డబ్బా వాయించాలి. డబ్బా వినగానే దొర వెనకనుంచి తరిమి మేకలను వంకలోకి దింపుతుంది. ఇది వాళ్ల కట్టుబాటు.

"అది పైన ఉండాదంటే నేను ఒక కునుకు గూడా తీస్తా," అంది మునెమ్మ.

"మరి మీరు దానికేం చేస్తారక్కా?"

"ఏం సేస్తాం? రాయి ఎయ్యం. అడివిలో ఉత్తుత్తికి అరవం. అంతే."

ఈ మాట నేను విన్నాను. విని తలూపాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం, "జీవాలను సూస్తాండప్పా, నీళ్లు తెస్తా" అని ఆమె కడవ తీసుకుని వంకలో చెలమ దగ్గరికి దిగింది. ఆమె తల కనుమరుగు కాగానే నేను సంచి విప్పాను. బెల్లంముక్క చూపిస్తే దొర కదలకుండా నిలబడింది. మా ఊరి బిడ్డలకన్నా నయం, ఏడవలేదు. గుడ్డను వీపున కప్పి, కెమెరా పట్టీతో పొట్ట కింద బిగించి, దూరంగా ఒక బండ మీదికి ఇంకో బెల్లంముక్క విసిరాను.

దొర బండెక్కి నిలబడింది. పైన ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత పెద్ద మగది "ఖక్" మంది. ఆకుల చాటున ఉన్నవన్నీ బోడికొమ్మల మీదికి వచ్చేశాయి. వంగి వంగి చూస్తూ కూస్తున్నాయి. నేను నవ్వు ఆపుకోలేక, స్టూడియో అలవాటున "ఇటు చూడు, ఇటు చూడు" అంటూ తొమ్మిది ఫోటోలు తీశాను.

పదోది తీయబోతుంటే ఎదుటివాలున వెంకటప్ప డబ్బా మోగింది.

దానికి పైవాలున ఇంకో డబ్బా అందుకుంది. మేకలు తలలెత్తాయి. అన్నిటికన్నా ముందు దొర తలెత్తింది. డబ్బా మోగితే ఏం చేయాలో దానికి తెలుసు. పులి వేషంలోనే మేకల వెనక పడి తరిమింది. దొర పనిలో ఒక్క లోపం లేదు. వెనక్కి చూసిన మేకలకు మాత్రం చిరుత కనిపించింది. వంకలోకి దిగవలసినవి నలుదిక్కులా చెదిరిపోయాయి.

కడవతో పైకొస్తున్న మునెమ్మకు ఎదురుగా మేకలు, వాటి వెనక చిరుత. ఆమె పరుగెత్తలేదు. కడవ ఎత్తి చిరుత మీద విసిరింది. చిరుత కుయ్యిమని ఏడ్చి, ఆమె కాళ్ల దగ్గర తోక ఊపింది.

ఆమె దొరను చూసింది. పొట్ట కిందికి జారిన గుడ్డను చూసింది. పైన కెమెరా పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. వంగి పట్టీ విప్పి, చెదిరిన మేకల వెనక పోయింది.

పొయ్యి దగ్గర

పొద్దు గుంకేలోపు ముప్పై మేకలు దొరికాయి. చుక్క అనే చూడిమేక దొరకలేదు. చివరకు వెంకటప్ప దాన్ని ఒక రాళ్లసందులోంచి భుజాన మోసుకొచ్చాడు. ముందరి కాలు విరిగింది. కడుపులో పిల్లకు ఏమీ కాలేదని మునెమ్మ చెయ్యి పెట్టి చూసి చెప్పేదాకా ఎవరం కూర్చోలేదు. వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టడానికి గుడ్డ కావాల్సి వచ్చింది. నేనే మఖ్మలు గుడ్డ తెచ్చి బారుగా చింపి ఇచ్చాను.

వెంకటప్ప కట్టు కడుతూ, "బాగుండాదప్పా నీ పులి. మీసాలు గూడా పెట్టింటే ఇంకా సక్కంగా ఉండు" అన్నాడు. మూడు రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి మాట అది.

మేకకు ఎంతవుతుందో ఇస్తానని నసిగాను.

"డబ్బు సెట్టెక్కి కూస్తాదా?" అంది మునెమ్మ.

పొయ్యిలో పుల్ల ఎగదోసి మళ్లీ తనే అంది. "ఇన్నేండ్లూ అది కూస్తే నేను ల్యాసినా. కూడు తింటా ఉంటే కూడు ఇడిసి ల్యాసినా. రేపు అది కూస్తాది. సిరత వచ్చిందా, ఎవురన్నా కుక్కకు గుడ్డ కట్టినారా అని నేను ఆలోసించల్లనా? నేను ఆలోసించేదాకా సిరత నిలబడతాదా?"

"కొండముచ్చు తప్పేమీ లేదక్కా."

"దాని తప్పని నేనన్నానా? అది అబద్ధం సెప్పలా. నువ్వు దానికి అబద్ధం సెప్పినావు."

మర్నాడు మద్దిచెట్ల మీద ఒక్క కొండముచ్చు లేదు. కొండ దాటి పోయాయి. మునెమ్మ ఖాళీ కొమ్మలను చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, నూనెడబ్బా ఒకటి, కర్ర ఒకటి చేతికిచ్చింది.

"ఎక్కప్పా."

"ఎక్కడికి?"

"సెట్టుకు. వాటిని పంపించేసినావు గదా. అవి వచ్చేదాకా వాటి పని నువ్వు సెయ్యి."

నేరేడు చెట్టు మీద

మద్దిచెట్టు ఎక్కడం నా వల్ల కాలేదు. పక్కనే వంగి పెరిగిన నేరేడును, కింద వెంకటప్ప తోస్తే, పైన కొమ్మను కౌగిలించుకుని ఎక్కాను. పొద్దున ఎక్కితే సాయంత్రమే దిగడం. గడ్డి కదిలినా, పిట్టలు ఒక్కసారి లేచినా చూస్తూ ఉండాలి. దానితోపాటు చిగుళ్లు తుంచి కింద వేయాలి, అది కూడా కొండముచ్చు పనే కదా. మొదటి రోజు ముదురాకులు వేశాను. మేకలు వాసన చూసి, తల ఎత్తి నన్ను చూశాయి. ఫోటో బాగా రాకపోతే మా ఊళ్లో తల్లులు చూసే చూపు అది.

ఎర్రచీమలు చొక్కాలో దూరాయి. కేకపెట్టబోయి, ఉత్తుత్తికి అరవకూడదన్నది గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. కట్టెలకు పోయే ఆడవాళ్లు చెట్టు కింద ఆగి మునెమ్మను అడిగేవాళ్లు.

"ఎవురమ్మా పైన?"

"మా కొత్త కొండముచ్చు. నెల్లూరు జిల్లాది."

"కూస్తాదా?"

"ఇంకా నేర్సుకుంటా ఉండాది."

నాలుగు రోజులు గడిచాయి. మునెమ్మ ఒక్కసారి కూడా కునుకు తీయలేదు. నేను పైన ఉన్నా ఆమె నిలబడే ఉంది, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని వాలంతా చూస్తూ. అందరినీ నవ్వించే ఆ మనిషి కాళ్లు నొప్పెట్టేలా అలా నిలబడి ఉంటే పైన కూర్చుని చూడడం, చీమలకన్నా కష్టంగా ఉంది.

ఐదో రోజు పొద్దున కొండముచ్చులు తిరిగొచ్చాయి. మద్దిచెట్టు నడికొమ్మల దాకా దిగి, నన్ను చూసి ఆగాయి. నేనూ వాటి ఎత్తులోనే ఉన్నాను. పదిహేను అడుగుల దూరంలో ఒక తల్లి, పొట్టను కరుచుకున్న పిల్ల. కెమెరా నా మెడలోనే ఉంది. అందులో ఇంకా మూడు ఫోటోలున్నాయి. మునెమ్మ కింద నుంచి చెయ్యి ఊపి, "తీసుకో" అన్నట్టు సైగ చేసింది. వాటిని కాస్త కుదురుకోనిద్దామని ఆగాను. మధ్యాహ్నం దాకా ఆగాను. వాటిని వట్టిగా చూడడం కూడా బాగుంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా పెద్ద మగది లేచి నిలబడి "ఖక్" మంది.

మంద మొత్తం బోడికొమ్మల మీదికి వచ్చింది. మునెమ్మ దోటి పట్టుకుని దొరవైపు చూసింది. దొర ఆమె కాళ్ల దగ్గరే ఉంది, ఒంటి మీద ఏ గుడ్డా లేదు. మునెమ్మ తలెత్తి నన్ను చూసింది.

"నేను కాదక్కా!" అని అరిచాను. "నిజంగానే కూస్తోంది!"

అరుస్తూనే డబ్బా మీద కర్ర వేశాను. ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. దొరను అదిలించి మేకలను వంకలోకి తోలింది. పైనుంచి నాకు కనిపించింది. గడ్డిలో ఒక గీత, ఆ గీత చివర మచ్చలు. మఖ్మలు కన్నా రంగు వెలిసినట్టుంది, కానీ దాని నడక ఏ కుక్కదీ కాదు. చెట్టుకు వందడుగుల దూరంలో ఆగింది. కళ్లెదుట కొండముచ్చులు కొమ్మకొకటి, నోళ్లు తెరిచి, ముఖాల మీద ఎండ పడుతూ. కెమెరా గుండెకు తగులుతోంది. ఒక చేతిలో డబ్బా, ఒక చేతిలో కర్ర.

వాయిస్తూనే ఉన్నాను. మేకల మందలో అన్నిటికన్నా వెనక చుక్క కుంటుతోంది, మచ్చల కట్టుతో. మిగతా మేకలు ఆ కాలిని చూసి ఇంకా పక్కకు జరుగుతున్నాయి. చుక్క వంక దిగి, ఎదుటి గట్టున వెంకటప్ప దాన్ని ఎత్తుకునేదాకా కర్ర ఆపలేదు. గడ్డిలో గీత వెనక్కి తిరిగి కొండవైపు పోయింది. కొండముచ్చులు కూత మానేశాయి. నేను మాత్రం ఇంకాసేపు వాయించానట, మునెమ్మ తర్వాత చెప్పింది.

నేను దిగేసరికి ఆమె బండకు చేరగిలబడి కూర్చుని ఉంది. "రేపు పోప్పా మీ ఊరికి," అంది. "పనోళ్లు వచ్చినారు." ఆ మాట అని, తువ్వాలు ముఖాన వేసుకుని పడుకుంది.

కావలి వచ్చి ఫిల్ము కడిగితే, దొర వేషం నాటి తొమ్మిదీ చెదిరిపోయి ఉన్నాయి. నవ్వుతూ తీసినవి. సుబ్బరామయ్యను నేనే పిలిచి చూపించి, జరిగింది దాచకుండా చెప్పాను. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనిచ్చాను. తల్లులు ఇప్పటికీ పులిగుడ్డ ఏదని అడుగుతారు. ఒక మేక కాలికి కట్టానని చెబితే నమ్మరు.

మిగిలిన మూడు ఫోటోలు మాత్రం కుదిరాయి. బయల్దేరే రోజు పొద్దున వాళ్లను అడిగి తీసినవి. ఒకటి మునెమ్మ, వెంకటప్పలది. ఒకటి చుక్కది. ఒకటి దొరది. మూడూ పెద్దవి చేసి, అట్ట వేసి, కుప్పం టీ కొట్టు చిరునామాకు పంపాను. దొర ఫోటోలో దొర కెమెరావైపు చూడడం లేదు, మేకలవైపు చూస్తోంది. నేను ఇటు చూడమని పిలవలేదు. దాని కింద ఏ గుడ్డా పరచలేదు.